కామమ్మ నేర్పిన నొప్పులు

కామమ్మను నేను మొదట చూసింది 1966లో, తోటపల్లి గూడూరు పోస్టాఫీసులో. నేను అక్కడి బడిలో పంతులుగా ఉండేవాణ్ణి. ఆమె నర్సు ట్రెయినింగు ముగించుకుని ఆ చుట్టుపక్కల పల్లెలకు కొత్తగా వచ్చింది. నీలం రంగు విమానపు ఉత్తరం ఒకటి చేత్తో పట్టుకుని, అది స్వీడన్ చేరడానికి ఎన్నాళ్ళు పడుతుందని పోస్టుమాస్టరును అడుగుతోంది. ఆయనకు స్వీడన్ ఎక్కడుందో తెలియదు. నాకు తెలుసని చెప్పాను. అలా పరిచయమైంది. తరవాత రెండేళ్ళలో ఆమె కథ ముక్కలు ముక్కలుగా విన్నాను. వాటిని వరసలో పెట్టడం మటుకే నా పని.

ఆమెది బోగోలుకు తూర్పున సముద్రపొడ్డున ఒక చిన్న పాలెం. తండ్రి కామాక్షయ్య తెప్ప మీద వేటకు పోయేవాడు. పాలెంలో అయిదో తరగతి దాకా బడి ఉండేది. క్రీస్తురాజు మాస్టారు ఒక్కరే అన్ని తరగతులకూ పాఠం చెప్పేవారు. ఆ బడిలో అయిదూ పూర్తి చేసిన ఆడపిల్ల కామమ్మ ఒక్కతే. పదిహేనో ఏట ముత్యాలయ్య అనే అతనికి ఇచ్చి పెళ్ళి చేశారు. నాలుగేళ్ళు కాపురం చేసింది. అతను ఇంకొకామెను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాక, ఎవరితోనూ తగాదా పడకుండా, గుడ్డల మూట తీసుకుని తండ్రి దగ్గరికి వచ్చేసింది. అతని గురించి అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దున్నే చేపలగంప నెత్తిన పెట్టుకుని బోగోలు పోవడం, ఎండెక్కాక తిరిగి రావడం, ఇరవై ఒకటో ఏట ఆమె బతుకు ఇంతే.

1957 చలికాలంలో కామాక్షయ్య కాలికి టెంకి చేప తోకలోని విషపు ముల్లు దిగింది. నాలుగు రోజులు పసరు కట్టి చూశారు. అయిదో రోజుకి కాలు మోకాటి దాకా వాచింది. పాలేనికి ఉత్తరంగా, సర్వితోపుల అవతల, మిషన్ వాళ్ళ చిన్న ఆసుపత్రి ఉండేది. పది మంచాలు. డాక్టరు జయకుమార్ కావలి నుంచి మంగళ, శుక్రవారాలు వచ్చేవాడు. మిగిలిన రోజుల్లో ఏం జరిగినా చూసుకోవలసింది సిస్టరమ్మే.

సిస్టరమ్మ పేరు ఎల్సా. స్వీడన్ మనిషి. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. పొడుగు, ఎండకు చేతులు ఎర్రగా కమిలిపోయి ఉండేవి. వచ్చి ఆరు నెలలే అయింది. తెలుగు నేర్చుకోవడానికి ఆమెకు దొరికింది ఒక పాతకాలపు వ్యాకరణం. అందులో ఉన్నట్టే, "తమకు బాధ ఎట్లున్నది?" అని అడిగేది. పాలెం వాళ్ళకు అది వీధినాటకంలో రాజు మాటలా వినిపించేది. అందరినీ మీరు అనేది. వంటగదిలో దూరిన పిల్లిని కూడా "దయచేసి బయటికి వెళ్ళండి" అనేది.

ఆమె అడిగినదానికి కామాక్షయ్య, "సలుపుతా ఉండాది తల్లీ" అన్నాడు. ఆమెకు తెలియలేదు. పుస్తకంలో నొప్పి ఉంది గాని సలపడం లేదు. మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పాడు. అప్పుడు పక్కన నిలబడిన కామమ్మ ముందుకు వచ్చి, ఆమె ముఖం ఎదుట పిడికిలి మూసి తెరిచింది. మూసి తెరిచి, మూసి తెరిచి, గుండె కొట్టుకున్నట్టు చూపించి, తండ్రి కాలి మీద వేలు పెట్టింది. ఎల్సాకు అర్థమైంది. లోపల చీము పట్టిందని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. అప్పటికప్పుడు కోసి చీము తీసింది. తరవాత చేతులు కడుక్కుని వచ్చి, ఆ మాట ఎలా రాయాలో చూపించమని కామమ్మకు పెన్సిలు ఇచ్చింది.

కామాక్షయ్య ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ కామమ్మ అక్కడే ఉంది. పక్క మంచాల వాళ్ళు చెప్పేది కూడా ఆమే చేతులతో, ముఖంతో చేసి చూపించింది. పదో రోజున ఎల్సా ఆమెను ఆయాగా ఉండిపొమ్మంది. కామాక్షయ్య కొంచెం గునిశాడు. చేపలమ్మే మనిషి పోతే ఇంట్లో ఎట్టా అన్నాడు. కానీ కాలు బాగు చేసిన మనిషికి కాదని చెప్పలేకపోయాడు.

అలా మొదలైంది నోటుబుక్కు. ఒక్కో పేజీలో మూడు గళ్ళు. ఎడమ పక్క తెలుగు, మధ్యలో ఇంగ్లీషు, కుడి పక్క స్వీడిష్. కామమ్మ చెప్పేది, ఎల్సా రాసుకునేది. సలపడం, గుచ్చడం, పీకడం, లాగడం, మండడం, తిమ్మిరెక్కడం, కడుపులో దేవడం. ఎల్సా మొదట్లో ఇవన్నీ నొప్పికి పేర్లనుకుంది. పేర్లు కావనీ, ఒక్కొక్కటీ నొప్పి చేసే పని అనీ తెలిసినప్పుడు పెన్సిలు పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించిందట. ఆ తరవాత ఆ పని ఎట్లా చేస్తోందో చెప్పే మాటలు వచ్చాయి. చురచురా మండితే తోలు గీరుకుపోయినట్టు. భగభగా మండితే కడుపులో. జివ్వున లాగితే నరం. కళ్ళు తిరిగితే గిర్రున. వంగినప్పుడు నడుం కలుక్కుమంటే దానికి ఇంగ్లీషులో ఏం రాయాలో ఎల్సాకు తోచలేదు. ఇంగ్లీషులో ఇట్లాంటి చోట బ్యాడ్లీ అంటారు, టెరిబ్లీ అంటారు అని చెప్పింది.

"ఆ రెండేనా?" అని అడిగింది కామమ్మ.

మధ్యాహ్నం రెండింటికి జనం పలచబడ్డాక వరండాలో చాప వేసుకుని కూర్చునేవాళ్ళు. ఒక గంట తెలుగు, ఒక గంట ఇంగ్లీషు. ఇంగ్లీషు ఎల్సాకు కూడా సొంత భాష కాదు. బడిలో నేర్చుకున్నదే. అందుకని ఆమె ఏదీ తేలికని అనేది కాదు. ఇద్దరూ ఒకే పుస్తకంలోకి వంగి, వేలు పెట్టి చదివేవాళ్ళు. గో, వెంట్, గాన్. మొదటి మాటకూ రెండో మాటకూ పోలికే లేదేమని కామమ్మ అడిగింది. తనకూ తెలియదని, చిన్నప్పుడు తాను కూడా ఇదే అడిగి టీచరు చేత చీవాట్లు తిన్నానని ఎల్సా చెప్పింది. కట్, పుట్, షట్ మాత్రం నిన్నైనా ఇవాళైనా ఒక్కటే. అది ఇంకా వింత. స్వీడిష్ మాటకొస్తే, నేను పోయినా నువ్వు పోయినా వాళ్ళు పోయినా క్రియ ఒక్కలాగే ఉంటుందట. కామమ్మకు అది అన్యాయమనిపించింది. మన భాషలో వచ్చినాను అంటే చాలు, వచ్చింది నేనేనని తెలిసిపోతుంది. అక్కడ మనిషి పేరు చెప్పకపోతే పోయింది ఎవరో తెలియదు కదా అంది.

ఒకరోజు ఎల్సా తన ఊరి గురించి చెప్పింది. ఉత్తరాన సముద్రపొడ్డున ఉండే ఊరు. చలికాలంలో అక్కడ సముద్రం గట్టిపడుతుంది, దాని మీద బండ్లు పోతాయి. ఆ గట్టిపడడానికి తెలుగు మాట కావాలంది. కామమ్మ నమ్మలేదు. సముద్రం నెయ్యి మాదిరి పేరుకుంటుందా అని అడిగింది. ఎల్సా ఆ మాటను రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకుని, "పేరుకుంటుంది" అని రాసుకుంది.

1959 వేసవిలో కామమ్మ వారం రోజులు జ్వరంతో ఇంట్లోనే ఉండిపోయింది. ఆ వారంలోనే పక్క ఊరి నుంచి చెంచమ్మ అనే ముసలామె వచ్చింది. "పానం లాగతా ఉండాది" అని చెప్పింది. ఎల్సా నోటుబుక్కు తిరగేసింది. లాగడం, నరం. రుద్దుకునే నూనె ఇచ్చి పంపింది. నాలుగు రోజులకు ముసలామె మళ్ళీ వచ్చింది. మళ్ళీ నూనె. మూడోసారి వచ్చేసరికి కామమ్మ పనిలో ఉంది. ఎక్కడ లాగుతోందని అడిగింది. చెంచమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఒక్కగానొక్క బిడ్డను చీరాల అవతల ఇచ్చానని, రెండేళ్ళయిందని, బతికుందో లేదో కబురు లేదని చెప్పింది. నూనె మాత్రం బాగా ఉందంది.

కామమ్మకు మొదట నవ్వొచ్చింది. ఎల్సాకు చెప్పేటప్పటికి నవ్వు పోయింది. ఎల్సా అంతా విని, తమ భాషలో దీనికి అచ్చంగా ఒక క్రియే ఉందని చెప్పింది. లెంగ్తా. దూరంగా ఉన్న మనిషి కోసమో ఊరి కోసమో లోపల జరిగే పని అది. మందుల గదికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి, లాగడం అన్న చోట నరం పక్కన ఇంకో వరస రాసింది. రాసి, ఆ రోజు పాఠం వద్దంది. తన తల్లి ఒక్కతే ఉంటుందని, తాను బయలుదేరిన రోజున ఓడరేవుకు కూడా రాలేదని అప్పుడే మొదటిసారి చెప్పింది. చెంచమ్మ కూతురికి కామమ్మ కార్డు రాసింది. నెల తిరక్కముందే ఆ పిల్ల చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది.

కామమ్మను నర్సు ట్రెయినింగుకు పంపాలన్న ఆలోచన ఎల్సాదే. దానికి ఎనిమిదో తరగతి ప్యాసవ్వాలి, ఇంగ్లీషుతో సహా. క్రీస్తురాజు మాస్టారు లెక్కలూ మిగతావీ చెప్పారు. 1960లో కామమ్మ కావలి వెళ్ళి, తనలో సగం వయసు పిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాసింది. అన్నీ ప్యాసై ఇంగ్లీషు తప్పింది. రైలు ప్రయాణం గురించి స్నేహితురాలికి ఉత్తరం రాయమని అడిగారు. ఆమె రైలు ఎక్కలేదు. బకింగ్‌హాం కాలువలో పడవ మీద పోయిన సంగతి రాసింది. ఎల్సా ఆ ఉత్తరాన్ని మళ్ళీ రాయించుకుని చదివి, తానైతే ప్యాసు చేసేదాన్నంది.

1961 జనవరిలో ఎల్సాకు తంతి వచ్చింది. తల్లి మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆరు నెలల సెలవు తీసుకుని బయలుదేరింది. వెళ్ళే రోజున పాలెం అంతా వచ్చింది. కామాక్షయ్య ఎండు వంజరం చేపల మూట కట్టి ఇచ్చాడు. వెళ్ళేటప్పుడు పోతాను అనకూడదని, ఏమనాలో కామమ్మ ఎప్పుడో నేర్పింది. జట్కా ఎక్కి ఎల్సా అందరికీ ఒకేసారి, "పోయొస్తాను" అంది. అక్షరం తప్పు పోలేదు.

నెలకో ఉత్తరం వచ్చేది. అన్నీ చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు, కామమ్మకు తెలిసిన క్రియలతోనే రాసినవి. తెలియని మాట వస్తే పక్కనే బొమ్మ. జవాబు రాయడానికి కామమ్మకు వారం పట్టేది. ఏం చెప్పాలో ముందు తెలుగులో అనుకునేది. అందులో సగానికి ఇంగ్లీషు మాటలు లేక వదిలేసేది. మిగిలింది రాసి క్రీస్తురాజు మాస్టారి చేత దిద్దించుకునేది. సముద్రం బాగుంది. నాన్న బాగున్నాడు. నేను చదువుతున్నాను. నువ్వు ఎప్పుడు వస్తావు. ఉత్తరం చదువుకుంటే అది తాను రాసినట్టే ఉండేది కాదని చెప్పింది నాతో. పాఠంలోని వాక్యాలు పాఠంలోని మనిషికి రాసినట్టుండేదట.

ఆరు నెలలు ఏడాది అయ్యాయి. 1962లో వానలకు ముందు వచ్చిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. ఐ వుడ్ కమ్, కామమ్మ, ఇఫ్ మై మదర్ కుడ్ వాక్. పుస్తకం చివరి పట్టికలో విల్‌కు పక్కన వుడ్ ఉంది, క్యాన్‌కు పక్కన కుడ్ ఉంది. అది అయిపోయిన పనుల వరస. కాబట్టి, రావడం అనేది అయిపోయిన పని. తల్లి నడిచింది, ఈమె బయలుదేరింది. కామమ్మ అలా చదువుకుంది. రెండు రోజులు ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. సిస్టరమ్మ గది తెరిచి, నేల కడిగి, పరుపు ఎండలో వేసింది. కిటికీలకు పట్టిన ఉప్పు తుడిచింది. ఓడ ఈపాటికి ఎక్కడుంటుందో అడుగుదామని మూడో రోజు ఉత్తరం తీసుకుని క్రీస్తురాజు మాస్టారి దగ్గరికి పోయింది.

ఆయన బడి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఉత్తరం రెండుసార్లు చదివారు.

"విల్‌కు పాస్ట్ వుడ్ గదా మాస్టారూ. అంటే ఆయమ్మ బయలుదేరినట్టే గదా?"

"పాస్టేనమ్మా. కానీ ఇక్కడ అది ఆ పని చెయ్యదు" అన్నారు మాస్టారు. "ఇదేమంటే, మా అమ్మ నడవగలిగి ఉంటే నేను వచ్చేదాన్ని, అని."

కామమ్మ ఆ కాగితంలో వుడ్ అన్న మాట మీద వేలు పెట్టింది.

"వచ్చేదాన్ని అంటే రానని గదా మాస్టారూ."

రావాలని ఆమెకు ఉందని మాత్రం దీంట్లో తెలుస్తా ఉండాది కామమ్మా అన్నారు. ఉత్తరం మడిచి ఇచ్చారు.

తిరిగి వచ్చి పరుపు లోపల వేసి చుట్టి పెట్టింది. గదికి తాళం వేసింది. ఆ రోజు ఆసుపత్రికి కడుపునొప్పితో ఒక చిన్నపిల్ల వస్తే, ఎక్కడ, ఎట్లా అని అడిగి, డాక్టరుకు చీటీ రాసి పెట్టింది. ఏడ్చానని నాతో చెప్పలేదు. అన్నం తినబుద్ధి కాలేదని, నాన్న తిట్టి తినిపించాడని చెప్పింది.

ఎల్సా చోటికి ఇంకెవరూ రాలేదు. మరుసటి ఏడాది మిషన్ వాళ్ళు మంచాలు తీసేసి, వారానికి ఒక రోజు మందులిచ్చే చోటుగా మార్చారు. ఆ నోటుబుక్కు ఏమవుతుందోనని డాక్టరు జయకుమార్‌ను అడిగితే, నీ మాటలే గదా, నువ్వే తీసుకుపో అన్నాడు. 1963లో కామమ్మ మళ్ళీ పరీక్షకు కూర్చుంది. ఈసారి ఖాళీలు పూరించమన్న ప్రశ్నలో, వానపడి ఉంటే పైరు బతికేది అన్న అర్థంలో ఒక వాక్యం వచ్చింది. ఆ ఒక్క ఖాళీ మాత్రం ఆలోచించకుండా నింపానంది. ప్యాసైంది. వయసు దాటిపోయేదే, ఇంకో రెండేళ్ళు ఆలస్యమైతే. డాక్టరు సిఫార్సు ఉత్తరం రాసి ఇచ్చాడు. ట్రెయినింగుకు పోతూ మొదటిసారి రైలెక్కింది. బోగోలు నుంచి నెల్లూరు దాకా కిటికీ దగ్గర కూర్చుని, పరీక్షలో అయితే ఏమేం రాసి ఉండేదాన్నో అనుకుంటూ పోయిందట.

పోస్టాఫీసులో నేను చూసిన ఆ నీలం ఉత్తరం, ట్రెయినింగు ముగిసిందని ఎల్సాకు రాసింది. ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లీషులో రాసిన మొదటి ఉత్తరం. క్రియలన్నీ సరిగ్గా పడ్డాయని ఒకటికి రెండుసార్లు చూసుకుంది. నాకు కూడా చూపించింది. తప్పులు లేవు.

జవాబు నాలుగు నెలలకు వచ్చింది. ఎల్సా తల్లి పోయింది. ఎల్సా అక్కడే ముసలివాళ్ళ ఆసుపత్రిలో పని చేస్తోంది, ఇక్కడి ఎండకు చెడిన ఒళ్ళు మళ్ళీ ఇటు రావడానికి ఒప్పుకోదని డాక్టర్లు అన్నారట. ఇంగ్లీషు చాలా బాగా రాశావని మెచ్చుకుంది. చివర్లో ఒక మాట అడిగింది. తెలుగు తనకు కొంచెం కొంచెంగా పోతోంది. మాట్లాడడానికి అక్కడ ఎవరూ లేరు. ఇకనుంచి దయచేసి తెలుగులో రాయమంది. పెద్ద అక్షరాలతో రాస్తే గట్టిగా చదువుకుంటానంది.

కామమ్మ ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ సామ్రాజ్యం మజ్జిగ ఇస్తే తాగకుండా పక్కన పెట్టుకుంది. ఇన్నేళ్ళు ఇంగ్లీషు నేర్చుకుంది ఆమెకు రాయడానికే కదా అన్నాను నేను, తెలివితక్కువగా. దానికి నవ్వి, నేర్చుకున్నది ఎక్కడికీ పోదులే సారూ, మందుల పెట్టెల మీద చదవద్దా అంది. ఆమె బాధ అది కాదు.

"తెలుగులో అంటే ఎట్టా రాసేది సారూ? ఇంగ్లీషులో అయితే రాని మాట వదిలేస్తి. ఇప్పుడు ఏది వదిలిపెట్టాల?"

ఆ ఆదివారం వచ్చి మా వరండాలోనే కూర్చుంది, మోకాళ్ళ మీద పలక పెట్టి, దాని మీద నీలం కాగితం పరుచుకుని. పొద్దున వచ్చిన మనిషి మధ్యాహ్నమైనా మూడు వాక్యాలు దాటలేదు. సామ్రాజ్యం అన్నానికి పిలిస్తే వచ్చి తిని మళ్ళీ కూర్చుంది. నాన్న ఈమధ్య వేటకు పోవడం లేదని, వలలు బాగుచేస్తా ఇంటికాడే ఉండాడని రాసింది. తాను మొన్న వెంకటశేషమ్మ అనే ఆమెకు కవలపిల్లలను పురుడు పోశానని, రెండోది అడ్డం తిరిగితే భయపడ్డానని రాసింది. సిస్టరమ్మ గది తాళం ఇంకా తన దగ్గరే ఉందని రాసి, కొట్టేసింది. కొట్టేసినదాని కింద మళ్ళీ అదే రాసింది.

పొద్దువాలుతుండగా కాగితం నాకు ఇచ్చి, తప్పులుంటే చూడమంది. నేను తప్పులు వెతకలేదు. చివరి వాక్యం దగ్గర ఆగాను. వచ్చేదాన్ని అనీ లేదు, వస్తావా అనీ లేదు. పెద్ద పెద్ద అక్షరాలతో, చదువుకోవడానికి వీలుగా విడదీసి, "ఒక్కసారి వచ్చి పొండి సిస్టరమ్మా" అని ఉంది.

ఆమె రాదని తెలిసే రాశావా అని అడగబోయాను. ఈలోగా పక్క పల్లె నుంచి ఒక బండి కామమ్మను వెతుక్కుంటూ వచ్చి మా ఇంటి ముందు ఆగింది. బండిలోని మనిషి దిగకుండానే, భార్యకు నొప్పులు మొదలయ్యాయని చెప్పాడు. కామమ్మ కాగితం మడతలు పెట్టి, అంచులు నాలికతో తడిపి అంటించి, రేపు పోస్టులో వెయ్యమని నాకు ఇచ్చింది. సంచీ అందుకుని బండి ఎక్కుతూనే, ఎప్పటినుంచి, ఎక్కడ, ఎట్లా వస్తా ఉండాయి నొప్పులు అని అడగడం మొదలుపెట్టింది. ఆ మనిషి తడుముకుంటూ చెబుతున్నాడు. బండి మలుపు తిరిగేదాకా ఆమె అడుగుతూనే ఉంది.